కుడితి కోసం కొన్న గేదె

తెనాలి బజారులో గోతాల విషయంలో బసవపున్నయ్య కళ్ళుగప్పడం ఎవరితరమూ కాదు. సంచిని ఒక్కసారి దులిపి, వెలుతురుకెత్తి చూసి, ఎన్ని చిల్లులున్నాయో, ఎన్ని కుట్లు పడతాయో, కుట్టాక ఎంతకు పోతుందో చెప్పేసేవాడు. ఎలుకలు కొరికిన గోతాలు కొని, అతుకులు వేయించి, రైసుమిల్లులకు అమ్మి, మారీసుపేటలో పెంకుటిల్లు కట్టాడు. లోకంలో పారేయదగ్గ వస్తువంటూ లేదని, పారేసే మనుషులే ఉన్నారని ఆయన నమ్మకం. నమ్మకం మంచిదే. దాన్ని కొట్లో పెట్టి తాళం వేసి రాకుండా ఇంటిదాకా తెచ్చుకోవడమే ఆయన చేసిన పొరపాటు.

పంతొమ్మిది వందల అరవై ఏడో సంవత్సరం. బియ్యం దగ్గర్నుంచి కిరసనాయిలు దాకా అన్నీ ప్రియంగా ఉన్న రోజులు. ఒక ఆదివారం పొద్దున బసవపున్నయ్య పెరట్లో గోనెపట్టా పరిచి, దానిమీద చెత్తబుట్ట బోర్లించి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

భార్య గంగరత్నం వంటింటి గుమ్మంలోంచి చూసింది.

"ఏంటండీ అది? ఉంగరం పోయిందా?"

"ఇల్లే పోతోంది. రోజుకెంత పారేస్తున్నావో చూద్దామని."

"చూడండి చూడండి. కళ్ళజోడు కూడా తెమ్మంటారా?"

బుట్టలో ఉన్నది గుప్పెడు దుమ్ము, ఒక చచ్చిన బొద్దింక. బసవపున్నయ్యకు అనుమానం వచ్చింది. సరుకు తక్కువగా కనిపిస్తే మిగతాది ఎక్కడో దాచారని వ్యాపారస్తుడికి తెలుసు.

"చింతపండు పిప్పేదీ?"

"రాగిబిందె తోమాను."

"కుంకుడుకాయ పిప్పి?"

"జిడ్డు గిన్నెలకు వాడాను."

"కొబ్బరి చిప్పలు?"

"మీ స్నానానికి నీళ్ళు మంత్రాలతో కాగుతున్నాయనుకున్నారా?"

"నా పాత పంచె?"

"మూడేళ్ళు మీరు కట్టారు, రెండేళ్ళు దుప్పటి అయింది. మొన్న చించి మనవరాలికి పొత్తిగుడ్డలు చేశాను."

"తల దువ్విన వెంట్రుకలు?" అన్నాడు బసవపున్నయ్య, ఇంక అడగడానికేమీ మిగలక.

"సవరాలమ్మి పట్టుకెళ్ళి పిన్నీసులిచ్చింది. ఒకటి కావాలా? చొక్కాకు గుండీ ఊడినట్టుంది."

ఇరవై ఆరేళ్ళు కాపురం చేసి, ఇంట్లో ఏది ఎటు పోతుందో తెలుసుకోవడానికి మొగుడుగారు బొద్దింకను విచారించాల్సి వచ్చింది. అక్కడితో లేచి చేతులు కడుక్కున్నా పరువు దక్కేది. కానీ తప్పు పట్టడానికి కూర్చున్నవాడు ఖాళీ చేతుల్తో ఎలా లేస్తాడు?

సరిగ్గా అప్పుడే వెనకింటి పిచ్చమ్మ వచ్చింది. ఆవిడకు రెండు గేదెలు. పాలు అమ్ముతుంది. రోజూ పొద్దున్నే వచ్చి, గోడవార తొట్టిలో పోగైన కుడితి, అంటే బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూర తొక్కలు, మిగిలిపోయిన మెతుకులు, అంతా బిందెకెత్తుకుని పోతుంది.

బసవపున్నయ్య కళ్ళు మెరిశాయి. ఇదన్నమాట చిల్లు!

"దాన్ని ఎంతకిస్తున్నావే?" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి.

"కుడితికి డబ్బులేంటండీ! ఎవరన్నా వింటే నవ్వుతారు. కళ్ళాపికి పేడ ఇస్తుంది. గేదె ఈనితే జున్నుపాలిస్తుంది. మన కళ్ళముందే పిండి పాలు పోస్తుంది."

"పాలు డబ్బుకేగా పోస్తోంది? పదకొండేళ్ళు! రోజుకో బిందె! నాలుగువేల బిందెలు గోడ దాటిపోయాయి."

గంగరత్నం ఆయన చెయ్యి పట్టుకుంది. "మీకు దణ్ణం పెడతాను. ఇంకో పదమూడు రోజుల్లో మనవరాలి బాలసార. బాపట్ల నుంచి వియ్యాలవారు పాతికమంది దిగుతున్నారు. పెళ్ళిలో మన పెరుగు పలచనైందని మాణిక్యాంబ వదిన ఇప్పటికీ మన పిల్లను దెప్పుతూనే ఉంది. ఈసారి పెరుగు పిచ్చమ్మ తోడేసిస్తానంది. ఆ పదమూడు రోజులూ మీ నోరు కట్టేసుకోండి."

బసవపున్నయ్య పదమూడు నిమిషాలు కూడా కట్టుకోలేదు.

"పిచ్చమ్మా! నీ గేదెలు పదకొండేళ్ళుగా మా ఇంట్లోనే భోంచేస్తున్నాయి."

"మీ దయ బాబాయ్."

"దయ కాదమ్మా, సరుకు. రేపట్నుంచి బిందెకు ఐదు పైసలు."

పిచ్చమ్మ బిందె దించింది. "పేడకెంత బాబాయ్?"

"పేడ వీధిలో దొరుకుతుంది."

"అయితే కుడితీ దొరుకుద్దిలెండి," అని, బిందెలోది ఒక్క చుక్క కింద పడకుండా తిరిగి తొట్టిలో పోసేసి వెళ్ళిపోయింది. గంగరత్నం ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే భయపడాలని ఇరవై ఆరేళ్ళలో నేర్చుకోనివాడు ఇంకేం నేర్చుకుంటాడు?

ఎండలు ముదిరిన రోజులు. రెండోరోజుకే తొట్టి పులిసి ఈగలు ముసిరాయి. పక్కగదిలో బాలింతగా ఉన్న కూతురు కనకలక్ష్మి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. బసవపున్నయ్య కుడితినంతా ఎత్తి అరటిపాదులో పోశాడు. ఎరువు అవుతుందని లెక్క. మూడోరోజు వీధి పందులు వాసనపట్టి, దడి తోసుకొచ్చి, ఎరువుతోపాటు చెట్టును కూడా పెళ్ళగించాయి. అరటిగెల రేటు కుడితి రేటుకన్నా ఎక్కువని పందులకు తెలియదు. బసవపున్నయ్యకు తెలుసు, కానీ ఆలస్యంగా.

ఆ మధ్యాహ్నం కొట్లో కూర్చుని బాగా ఆలోచించాడు. కుడితి ఉంది. లేనిదల్లా గేదె.

మర్నాడే రేపల్లె వైపు వెళ్ళాడు. నాంచారయ్య అనే పశువుల దళారి, రేటు పైకి చెప్పకుండా, తుండుగుడ్డ కింద ఆయన వేళ్ళు పట్టుకుని, నొక్కి, వదిలి, మళ్ళీ పట్టుకుని నాలుగువందల యాభైకి ఒక పాడిగేదెను, దూడను బేరం చేసిపెట్టాడు. బసవపున్నయ్య తెలివితక్కువవాడేం కాదు. సాయంత్రం ఒకసారి, తెల్లవారి ఒకసారి ఎదురుగా పిండించి చూసుకున్నాడు. పూటకు మూడు శేర్లు. గేదెలో ఏ లోపమూ లేదు. ఆ మాట గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే లోపం ఎక్కడుందో తర్వాత తేలింది.

ఐదు పైసల నీళ్ళు వృథా పోకుండా నాలుగువందల యాభై పెట్టిన ఆ ఘనుడు గేదెను తోలుకుని ఇంటికొచ్చాడు.

"ఇదెందుకండీ?" అంది గంగరత్నం.

"కుడితి తాగడానికి."

"పాలివ్వదా?"

"అది లాభం."

"తవుడు తెచ్చారా?"

"కుడితి ఉందిగా!"

"తెలగపిండి?"

"కుడితి ఉందిగా అంటుంటే!"

"మరి పిండేదెవరు? నేను బాలింతకు పత్యం చూడనా, పసిపిల్లకు నీళ్ళుపోయనా, గేదె కింద కూర్చోనా?"

బసవపున్నయ్యే కూర్చున్నాడు. మొదటిరోజు గేదె చెంబు తన్నింది. రెండోరోజు కళ్ళజోడు తన్నింది. మూడోరోజు నుంచి తన్నడం కూడా దండగనుకుందేమో, పాలే చేపడం మానేసింది. గట్టిగా పిండితే పావుశేరు. అది దూడ వదిలేసిన పావుశేరు. ఇక కుడితి తొట్టి దగ్గరికి తీసుకెళితే వాసన చూసి మొహం తిప్పేసుకునేది.

"దీనికి తెనాలి నీళ్ళు పడలేదే," అన్నాడు. ఉప్పు కలిపి చూశాడు. వీపు నిమిరి బతిమాలాడు. గేదె ఇంకా గట్టిగా మొహం తిప్పుకుంది.

కొట్లో ఆయన పక్కన కూర్చోవడానికి బేరగాళ్ళు జంకసాగారు. గోతాల వాసన మీద పేడ వాసన గెలిచింది.

బాలసార రేపనగా ఆయనకు వియ్యాలవారు గుర్తొచ్చారు. "పెరుగు సంగతేంటే?" అని భార్యను అడిగాడు. పన్నెండు రోజుల్లో అడిగిన మొదటి మంచి ప్రశ్న అది.

"నేను చూసుకుంటాను. మీరు పెరట్లోకి రాకుండా ఉంటే చాలు."

సరుకు ఎక్కడిదని అడక్కుండా బజార్లో ఒక్క గోతామైనా ముట్టని మనిషి, ఇంట్లో పెరుగు ఎక్కణ్ణుంచి వస్తుందని అడగలేదు. అడిగితే పిచ్చమ్మ దగ్గరికి తనే వెళ్ళాల్సి వస్తుందేమోనని భయం.

మర్నాడు వియ్యాలవారు దిగారు. పిల్లకు పేరు పెట్టారు. బంతి కూర్చుంది. చివర్న పెరుగొచ్చింది. అది పెరుగా? గరిటెతో తీస్తే గడ్డ విరిగింది. ఆకులో పడితే పడ్డచోటే నిలిచింది. మీగడ వేలెడు మందం. మాణిక్యాంబ వేలితో నొక్కి చూసి, నాలిక్కి రాసుకుని, మళ్ళీ నొక్కి చూసింది. వంక దొరకలేదు.

"ఈ పెరుగెక్కడిది వదినగారూ?"

గంగరత్నం నోరు తెరిచేలోగా బసవపున్నయ్య ముందుకొచ్చాడు. బంతి చివర చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి, భార్య కళ్ళతో వద్దన్నా ఆగలేదు.

"ఎక్కడిదేంటమ్మా, మన పెరటిదే! రేపల్లె నుంచి నేనే ఏరి తెచ్చిన గేదె. తవుడు లేదు, తెలగపిండి లేదు. అందరూ పారేసే కుడితి ఉంది చూశారూ, దాంతోనే ఈ పెరుగు!"

గంగరత్నం గోడవైపు తిరిగి నిలబడింది.

వియ్యంకుడు ఉమామహేశ్వరరావు ముద్ద చేతిలోనే పట్టుకుని, "కుడితితోనా బావగారూ? మేం బాపట్లలో తవుడు కొనలేక గేదెనే అమ్మేసుకున్నాం," అన్నాడు.

మాణిక్యాంబ మాత్రం భర్తలా ఆశ్చర్యంతో ఆగే మనిషి కాదు. "అదేంటండీ మీరు, అర్థం కాలేదా? మనవరాలికి పాడి ఉండాలని తాతగారు గేదెను కొనుక్కొచ్చారు. మనసంటే అలా ఉండాలి. పిల్లను పంపే మూడోనెల దాకా ఎందుకు అన్నయ్యగారూ, ఎల్లుండే తోలుకురావడానికి మనిషిని పంపిస్తాం. మా ఇంట్లో కుడితికి లోటేం లేదు."

పాతికమంది చేతులు ఆకుల్లో ఆగిపోయాయి. అందరూ ఆయనవైపే చూశారు. గదిలోంచి కనకలక్ష్మి కూడా చూసింది.

"దానికేం... అలాగే," అంది బసవపున్నయ్య నోరు. మిగతా మనిషి అప్పటికే కూలబడ్డాడు.

వియ్యాలవారిని బాపట్ల రైలెక్కించి వచ్చి, ఆయన పెరటి అరుగుమీద తలపట్టుకుని కూర్చున్నాడు. పావుశేరు గేదెను పంపితే మాణిక్యాంబ ఊరుకుంటుందా? పలచన పెరుగుకే రెండేళ్ళు సాధించింది. వట్టిపోయిన గొడ్డును అంటగట్టారని పిల్లను జన్మంతా సాధిస్తుంది.

"ఆ పెరుగు పిచ్చమ్మదేగా?" అన్నాడు నీరసంగా.

"మరి మీ గేదెదా?"

"ఎంతిచ్చావు?"

"ఏమీ ఇవ్వలేదు. కుడితి ఇచ్చాను."

"ఏ కుడితి?"

"మన కుడితేనండీ. అరటిచెట్టు పోయిన్నాడే వెళ్ళి పిచ్చమ్మను బతిమాలుకున్నాను. మీరు కొట్టుకెళ్ళగానే గోడమీంచి అందిస్తున్నాను."

"మరి నా గేదె తొట్టిలో ఉన్నదేంటి?"

"అంట్లు కడిగిన నీళ్ళు. దానికి బుద్ధుంది, తాగలేదు. తవుడు తెమ్మంటే వినని మనిషికి ఇంకేం చెప్పను?"

బసవపున్నయ్య పెద్దదారిన వెళితే నలుగురూ చూస్తారని సందుదారిన పిచ్చమ్మ ఇంటికి వెళ్ళాడు.

"రండి బాబాయ్, కూర్చోండి," అని పీట వేసింది పిచ్చమ్మ. మర్యాదకు లోటు చేయలేదు. అదే ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది.

"నీ గేదెల్లో ఒకటి ఇవ్వాలమ్మా. మా పిల్ల అత్తారింటికి."

"పిన్ని చెప్పింది. గేదెకు గేదె, దూడకు దూడ. పైన రెండొందలు."

"రెండొందలా! నూటపాతిక చేసుకో."

"బాపట్ల మనిషి ఎల్లుండి ఏ బండికి వస్తాడు బాబాయ్?"

జీవితంలో మొదటిసారి బసవపున్నయ్య రూపాయి తగ్గించకుండా అడిగినంతా ఇచ్చాడు. పిచ్చమ్మ నోట్లు కొంగున ముడేసుకుని, "కుడితి మాటేంటి బాబాయ్? బిందెకు ఐదు పైసలేగా?" అంది. పైసలు వద్దన్నట్టు ఆయన తల అడ్డంగా ఊపాడు.

బాపట్ల నుంచి ఉత్తరం వచ్చింది. గేదె బ్రహ్మాండంగా ఇస్తోందట. కోడలు అదృష్టవంతురాలని మాణిక్యాంబ వీధంతా చెప్పుకుంటోందట. తాతగారి చేతిచలవ అని కూడా రాశారు. బసవపున్నయ్య ఆ వాక్యం రెండోసారి చదవలేదు.

నెల తిరిగింది. ఒక పొద్దున గంగరత్నం కాఫీ తెచ్చిచ్చింది. ఒక గుక్క తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు.

"చిక్కగా ఉన్నాయే పాలు. పిచ్చమ్మ కొత్త గేదె కొన్నదా?"

"కొత్తదేం కాదు. మీ రేపల్లె గేదే. రెండు పూటలా తవుడు, తెలగపిండి పెట్టి మన కుడితి పోసేసరికి పూటకు నాలుగు శేర్లిస్తోంది."

బసవపున్నయ్య గ్లాసు కింద పెట్టాడు. పెరట్లో ఖాళీ గుంజవైపు చూశాడు.

"ఎంతకు పోస్తోంది?"

"అందరికీ పోసే రేటే. మా గేదె కదమ్మా, మాకేమన్నా తగ్గించవా అని అడిగాను."

"ఏమంది?"

"నవ్వింది."

బసవపున్నయ్య గ్లాసెత్తి, అడుగున మిగిలిన నురగతో సహా తాగేశాడు. డబ్బు పెట్టి కొన్న పాలాయె మరి.