కొండలరావు ఇంట్లో దిగిన సన్నాయి బిట్టు

పాటలోంచి తీసేసిన సన్నాయి బిట్టు మంగళవారం పొద్దున్నే కృష్ణానగర్ వచ్చి, తనను వాయించిన కొండలరావు ఇంట్లో దిగింది. ఇందులో వింతేమీ లేదు. పల్లవికీ చరణానికీ మధ్య వాయిద్యం వచ్చిందంటే చాలు, జనం ఫోన్ మీద వేలితో పాటను ముందుకు తోసేస్తున్నారు. అందుకని అలాంటి ముక్కలను ఎవరు వాయించినవి వాళ్లింటికే పంపేయాలని తీర్మానమైంది. వీధి చివర తబలా ఆయన ఇంట్లో అప్పటికే కొన్ని కాపురముంటున్నాయి, రేషన్ కార్డులో పేర్లు కూడా ఎక్కాయి.

"అల్లరి చేయదండి," అన్నాడు దాన్ని దిగబెట్టిన స్టూడియో మేనేజరు. "మాటకీ మాటకీ మధ్య ఖాళీ దొరికితే మాత్రం మొదలెట్టేస్తది. అలవాటు కదండి."

అలాగే జరిగింది. భార్య వరహాలమ్మ "కూరేం వండమంటారు?" అని అడిగితే, కొండలరావు ఆలోచించేలోపు సన్నాయి ఎత్తుకునేది. మొదట్లో ఆవిడ మురిసిపోయింది. తర్వాత పనులు తెమలడం లేదని విసుక్కుంది. ఖాళీ ఇవ్వకపోతే గొడవే ఉండదని తల్లీ, కూతురు హారికా ఒకరి మాట ముగియకముందే ఇంకొకరు అందుకోసాగారు. ఇల్లు చకచకా నడిచింది.

చిక్కల్లా కొండలరావుతోనే. ముఖ్యమైన మాటేదైనా చెప్పాలంటే ఆయన ముందు నిండుగా ఊపిరి తీసుకుంటాడు. సన్నాయి నేర్పిన గురువు చేసిన అలవాటు. ఆ వారం ఆయన దగ్గర అలాంటి మాటే ఉంది. ఇక సన్నాయి ఊదితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. ఆ సంగతి భార్యతో చెప్పుకుని, కాసేపు ఆవిడ పక్కన కూర్చోవాలని ఆయనకు మహా కోరికగా ఉంది.

"వరాలూ, నీకొకటి చెప్పాలి," అని ఊపిరి తీసుకున్నాడు. సన్నాయి మొదలైంది.

"గ్యాస్ బుక్ చేసేశానండి, పాలు కూడా వచ్చేశాయి," అంటూ వరహాలమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

"డాక్టరు దగ్గరికి..." అన్నాడు కూతురితో.

"బీపీయే కదా నాన్నా, ఉప్పు తగ్గించు," అని హారిక ముగించేసింది.

మేనేజరుకు ఫోన్ చేశాడు. "ముందు అసలు మాట అనేయండి, ఊపిరి తర్వాత తీసుకోవచ్చు. ఇప్పుడు పాటలన్నీ అలాగే కడుతున్నామండి," అన్నాడాయన. కొండలరావు మేడమీదికెళ్లి సాధన చేశాడు. ఊపిరి లేకుండా మాట రాలేదు.

ఆదివారం భోజనాల దగ్గర మళ్లీ ఊపిరి తీసుకున్నాడు. ఈసారి సన్నాయి మోగలేదు. ఆయన అవస్థ చూడలేక బిట్టే తగ్గింది. గదంతా నిశ్శబ్దం. చెప్పుకోవడానికి కావలసినంత చోటుంది. కొండలరావు నోరు తెరిచాడు.

వరహాలమ్మ తలెత్తకుండానే చూపుడువేలు చాచి, ఆయన భుజాన్ని మెల్లగా పక్కకు తోసింది. కొండలరావు కుర్చీతో సహా గోడవైపు జరిగిపోయాడు.

"చారు పొయ్యమ్మా," అంది హారిక.

ఆయనకు ఏడుపొచ్చింది గాని, కోపం రాలేదు. గోడవార కూర్చున్న బిట్టు కాస్త జరిగి ఆయనకు చోటిచ్చింది.