మోగని వెనక స్పీకర్లే మేలు

ప్రతి కుటుంబానికీ వెనక స్పీకర్లు మోగని కారు ఒకటి ఉండితీరాలి. బాగా ఆలోచించే ఈ మాట అంటున్నాను. సీటు బెల్టు పెట్టుకోకపోతే జరిమానా వేస్తున్నారు కదా, వెనక స్పీకర్లు మోగితే ఎందుకు వేయరు? కంపెనీలు వాటిని అసలు మోగకుండానే తయారుచేయాలి. మోగాల్సిందేనని పట్టుబట్టే వాళ్లు పోలీసు స్టేషనుకు వెళ్లి అనుమతి తెచ్చుకోవాలి.

నవ్వకండి. నేను తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టర్ని. ఇరవై రెండేళ్లుగా దుకాణాల్లో కాటాలు సరిచూస్తున్నాను. అర గ్రాము తేడా ఉన్నా నా కన్ను దాటిపోదు. అలాంటివాణ్ని నోటికొచ్చింది రాస్తానా?

మొదటి నుంచీ చెబుతాను.

మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడ అక్కగారికి ఆ మధ్య పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఊరికి ఆ చివరనున్న చికిత్స కేంద్రంలో ఆవిణ్ని చేర్చి, మళ్లీ మాట్లాడటం నేర్పిస్తున్నారు. ప్రతి గురువారం సాయంత్రం అత్తగారిని నేనే కార్లో తీసుకెళ్లి తీసుకొస్తాను. వెళ్లేటప్పుడు నాలుగు మాటలు మాట్లాడతారు. వచ్చేటప్పుడు మాత్రం గంటసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు. ఉలుకూ పలుకూ ఉండదు. అద్దంలో ఆ ముఖం చూస్తే నా మనసు అదోలా అయిపోయేది.

"పాత పాటలు పెడితే మీ అమ్మ కాస్త తేరుకుంటారేమో" అన్నాను మా ఆవిడతో.

"మన కారు రేడియోలో గురగుర తప్ప ఏం వస్తుందండీ?" అంది.

అంతే, కొత్త స్టీరియో కొన్నాను. చిన్న టీవీ అంత తెర. లోపల ముప్పై తొమ్మిది సెట్టింగులు. అత్తగారి చిన్నతనం నాటి పాటలు పన్నెండు వందలు వెతికి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాను. ఆ రోజు గురువారమే కాబట్టి, అటునుంచి అటే చికిత్స కేంద్రానికి వెళ్లొచ్చని ఆవిణ్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకునే షాపుకు వెళ్లాను. బిగిస్తున్నంతసేపూ ఆవిడ కార్లోనే ఉన్నారు. నేను కౌంటరు దగ్గర నిలబడి, గ్యారంటీ కార్డు మీద పడిన ముద్ర నిబంధనల ప్రకారం ఉందా లేదా అని చూస్తూ ఉండిపోయాను. ఉద్యోగం అలాంటిది.

తిరుగు ప్రయాణంలో పాట పెట్టాను. ముందు తలుపులు అదిరాయి.

"వెనక బాగా వినపడుతోందా అత్తయ్యగారూ?"

"వినపడుతోంది బాబూ, వినపడుతోంది" అన్నారు. ఆ గొంతులో ఉత్సాహం లేదు. సరిపోలేదు కాబోలని ఇంకా పెంచాను.

మర్నాడు కాలేజీకి వెళ్తూ మా అమ్మాయి వెనక కూర్చుని, "నాన్నా, ఇక్కడ ఒక్క స్పీకరూ మోగట్లేదు" అంది. అప్పుడు కదా నాకు అసలు సంగతి తెలిసింది! ఎవరికోసమైతే కొన్నానో వాళ్లకే పాట అందడం లేదు.

వెంటనే షాపు యజమాని దగ్గరికి వెళ్లాను. స్టీరియో బిగించిన మనిషి పెళ్లి చేసుకోవడానికి సెలవు పెట్టి వెళ్లాడట. యజమాని తెర మీద అక్కడా ఇక్కడా నొక్కి, కాసేపు ఆలోచించి, "కొత్త స్టీరియో, పాత స్పీకర్లు. ఒకదానికొకటి అలవాటు పడాలి సార్. వారం రోజులు ఆగండి" అన్నాడు.

నేను నమ్మాను. ఎందుకు నమ్మానంటారా? పెద్ద చదువులు చదివిన ఇద్దరు మనుషులు పెళ్లయ్యాక అలవాటు పడటానికే ఏళ్లు పడుతుంటే, స్పీకర్లకు వారం ఎక్కువా? రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు పావుగంట సేపు కారు ఆపి, వాటికి పాటలు వినిపించాను. అవి అలవాటు పడలేదు గాని, పక్కింటాయన కిటికీ మూసుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఆ తర్వాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. వెనక స్పీకరు తీగల్ని బయటికి లాగి, ఒక చిన్న బ్యాటరీకి తాకించాడు. స్పీకరు 'టప్' మంది. రెండోదీ 'టప్' మంది.

"రెండూ బతికే ఉన్నాయి" అన్నాడు, నాడి చూసిన వైద్యుడిలా. "జబ్బు వీటిది కాదు. స్టీరియోదో, మధ్యలో వైరుదో."

"ఏది?"

"రెండిట్లో ఏదో ఒకటి" అని ఆయన వేరే కారు కిందికి దూరిపోయాడు.

అప్పుడు రంగంలోకి మా బావమరిది దిగాడు. అత్తగారి ఒక్కగానొక్క కొడుకు. ట్రావెల్ ఏజెన్సీలో టికెట్లు బుక్ చేస్తుంటాడు. ఈ విషయం మీద ఫోన్లో పందొమ్మిది వీడియోలు చూశాడు.

"బావా, వైరు ఎక్కడో తెగింది. తెగిన చోటు కనపడాలంటే అన్నీ విప్పాలి" అన్నాడు.

అన్నీ అంటే అన్నీ. వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు, కింద పరిచిన మ్యాటు, చివరికి పైకప్పు గుడ్డ కూడా. తెగిన వైరు కనపడలేదు. చూసిన ప్రతి వైరునూ వాడు పీకి మళ్లీ కలిపాడు. ఆ రోజు నుంచీ మా కారు తెలివితేటలు పెరిగిపోయాయి. ఎడమ అద్దం దించబోతే డిక్కీ తెరుచుకుంటుంది. హారన్ కొడితే వెనక వైపరు అటూ ఇటూ ఊగుతుంది. ఇందులో నష్టం ఏముంది? వెనక వచ్చే వాళ్లు నేను చెయ్యి ఊపుతున్నాననుకుని వాళ్లూ ఊపుతున్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో రోడ్డు మీద నన్ను చూసి చెయ్యి ఊపినవాడు ఒక్కడున్నాడా?

విప్పిన సీటును హాల్లో గోడవారగా వేశాం. అది మా సోఫా కంటే మెత్తగా ఉంది. చుట్టాలు వస్తే దానిమీదే కూర్చుంటున్నారు. మా తోడల్లుడైతే బెల్టు కూడా పెట్టుకుని, టీవీలో మ్యాచ్ ముగిసేదాకా లేవలేదు. స్పీకర్లు మోగి ఉంటే మాకు ఈ భోగం దక్కేదా?

ఒక్క ఇబ్బంది మాత్రం వచ్చింది. కారుకు వెనక సీటు లేదు. ముందు సీట్లో కూర్చుంటే అత్తగారికి కళ్లు తిరుగుతాయి. రెండు గురువారాలు ఆవిడ రెండు బస్సులు మారి చికిత్స కేంద్రానికి వెళ్లొచ్చారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం, "బస్సే బాగుంది బాబూ. ఎవరి లోకం వాళ్లది" అన్నారు. నన్ను ఓదార్చడానికి అలా అంటున్నారని నా కళ్లు చెమర్చాయి. ఆ కళ్లతోనే బావమరిదికి ఇంకో స్క్రూడ్రైవరు అందించాను.

ఆరో వారం, పెళ్లి చేసుకున్న మనిషి సెలవు ముగించుకుని షాపుకు వచ్చాడని తెలిసి, కారు తీసుకుని ఒక్కణ్నే వెళ్లాను. లోపలి అవతారం చూసి అతను కొంచెం వెనక్కి తగ్గాడు.

"ఏదైనా యాక్సిడెంటా సార్?"

"రిపేరు" అన్నాను.

అతను లోపలికి వంగి, తెర మీద ముచ్చటగా మూడుసార్లు నొక్కాడు. కారు బొమ్మ ఒకటి వచ్చింది. ఆ బొమ్మలో, పాట ఎటు మోగాలో చూపే చుక్క ఒకటి ముందు అద్దానికి అతుక్కుని ఉంది. దాన్ని వేలితో మధ్యకు జరిపాడు. వెనక స్పీకర్లు రెండూ ఒక్కసారిగా అందుకున్నాయి. ఆరు వారాల పాటలన్నీ కలిపి పాడుతున్నాయా అన్నట్టు.

"చెడిపోలేదు సార్, ఇది నేనే పెట్టాను" అన్నాడు. "ఆ రోజు వెనక కూర్చున్న పెద్దావిడ అడిగారు. 'నాయనా, ఇక్కడివి మోగకుండా చేసే వీలుందా' అని. మీకు చెప్పే ఉంటారనుకున్నాను."

ఇంటికి వచ్చేసరికి అత్తగారు హాల్లో ఆ సీటు మీదే కూర్చుని బటన్లు కుడుతున్నారు. ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. కాటాలో దొంగ రాయి దొరికినప్పుడు దుకాణదారు ముందు ఎలా కూర్చుంటానో అలా.

"స్పీకర్లు ఆపించింది మీరేనట."

ఆవిడ సూది గుచ్చుకోకుండా పక్కన పెట్టారు.

"మీరు ఎంతో ముచ్చటపడి కొన్నారు. వద్దని ఎలా చెప్పను బాబూ? అక్క వారానికి ఒక్క మాట నేర్చుకుంటోంది. ఒకే ఒక్కటి. ఆ మాట దాని గొంతుతో చెవిలో ఉండగానే ఇల్లు చేరాలని నాకు. పాట వినపడితే అది పోతుంది. ఆ గంట నేను దిగులుగా ఏం లేను. వింటూ ఉన్నాను."

"మరి కారంతా విప్పుతుంటే ఆపలేదేం?" అన్నాను.

"ఇద్దరూ అంత సంతోషంగా విప్పుతుంటే ఎలా ఆపను?"

చూశారా, పాఠకులారా? షాపు యజమానిని అడిగాను. ఎలక్ట్రీషియన్‌ని అడిగాను. పందొమ్మిది వీడియోలను అడిగాను. వెనక కూర్చునే మనిషిని మాత్రం, పాట కావాలా అని ముందుగా ఒక్కసారి కూడా అడగలేదు. ఊరందరి తూకాలూ చూసే ఇన్‌స్పెక్టర్ని నేను. కాబట్టి వెనక స్పీకర్లు మోగకూడదు. మోగి ఉంటే ఈ సంగతి నాకు ఈ జన్మకు తెలిసేది కాదు. కొత్త స్టీరియోల్లో నలభయ్యో సెట్టింగు ఒకటి పెట్టమని కంపెనీలకు నా విన్నపం. కారు స్టార్ట్ చేయగానే తెర మీద 'వెనక వాళ్లను అడిగావా?' అని రావాలి.

సీటు మళ్లీ బిగించాం. కిందటి గురువారం తిరుగు ప్రయాణంలో స్టీరియో పూర్తిగా ఆపేశాను. సగం దూరం వచ్చాక ఉండబట్టలేక, "ఈ వారం మీ అక్కగారు ఏ మాట నేర్చుకున్నారు అత్తయ్యగారూ?" అని అడిగాను.

ఆవిడ ఏదో అన్నారు. నాకు వినపడలేదు. బావమరిది తిరిగి బిగించిన వెనక తలుపులు రెండూ దడదడా కొట్టుకుంటున్నాయి. ముప్పై తొమ్మిది సెట్టింగులున్నా ఆ చప్పుడు తగ్గించే సెట్టింగు ఒక్కటీ లేదు. కారు పక్కకు తీసి, ఇంజను ఆపి, వెనక్కి తిరిగాను.

"మళ్లీ ఒక్కసారి చెప్పండి."

ఆవిడ ముందుకు వంగి, నా ముఖంలోకి చూస్తూ, "చాలు" అన్నారు.

"క్షమించండి. ఇంకెప్పుడూ అడగను" అన్నాను.

"మీకు కాదు బాబూ" అని ఆవిడ నవ్వారు. "నర్సు సూపు తాగిస్తుంటే అక్క అన్న మాట అది. గట్టిగా, స్పష్టంగా అంది." మళ్లీ సీటుకు ఆనుకుని, కిటికీ వైపు తిరిగి అన్నారు: "మీకు కూడా పనికొస్తుందనుకుంటే ఉంచుకోండి."