నలభై రెట్ల మెమరీ

ఒక్క చిప్ కూడా కొనకుండా ధ్రువపత్రాల కార్యాలయం కంప్యూటర్ మెమరీని పది రెట్లు పెంచామనీ, దాన్ని మంత్రిగారు స్వయంగా ప్రారంభిస్తారనీ ప్రకటన వచ్చింది. పత్రిక తరఫున నేను వెళ్లాను.

ఆ కార్యాలయంలోని లినక్స్ సర్వర్‌కు మెమరీ చాలదు. నిండినప్పుడల్లా కొంత సమాచారాన్ని డిస్కు మీదికి దించేది. దాన్ని స్వాప్ అంటారు. డిస్కు నిదానం కాబట్టి కౌంటర్ ఆగిపోయేది. ఇప్పుడు ఇంజినీరు ఆ సమాచారాన్ని డిస్కుకు పంపకుండా, మెమరీలోనే ఓ మూల చిన్నగా కుదించి, మడిచి పెట్టే ఏర్పాటు చేశాడు.

మంత్రిగారు కత్తెర పట్టుకుని చుట్టూ చూశారు.

"ఏదీ?"

"లోపలుంటుంది సార్. కనిపించదు," అన్నాడు ఇంజినీరు.

"కనిపించనిదానికి రిబ్బన్ ఎక్కడ కట్టారయ్యా?"

"కౌంటర్‌కి సార్," అన్నాడు పీఏ.

అందుకే పొద్దుటి నుంచి కౌంటర్ మూసి ఉంది. వరసలో ముందు బట్టలు కుట్టే ఆవిడ నిలబడి ఉంది. సాయంత్రంలోగా ఆదాయ ధ్రువపత్రం కాలేజీలో ఇవ్వకపోతే ఆవిడ కూతురికి పేదలకిచ్చే ఫీజు మినహాయింపు పోతుంది.

కనిపించని పనిని ప్రారంభించడానికి కూడా తీరిక చేసుకునే మంత్రులు తక్కువ. రిబ్బన్ తెగింది. చప్పట్లు మోగాయి. సమాచారం ఎన్ని రెట్లు మడతపడిందో చెప్పే అంకె తెర మీదికొచ్చింది: ఒకటిన్నర.

"పదన్నావు కదయ్యా!"

"నేనన్లేదు సార్," అన్నాడు ఇంజినీరు. "ఒకటే మాట మళ్లీ మళ్లీ వస్తే బాగా మడతపడుతుంది. ఇవి జనం అర్జీలు. ఎవరి బాధ వాళ్లది. మడతపడవు."

"మడతపడేదే పెట్టు మరి!"

పీఏ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో మంత్రిగారి నాలుగేళ్ల ఉపన్యాసాలున్నాయి. ఎక్కించారు. అంకె నలభై దాటింది.

"అన్నీ కలిపినా ఒక్క ఉపన్యాసమంత చోటే పట్టింది సార్," అన్నాడు ఇంజినీరు.

"చూశారా పొదుపు!" అన్నారు మంత్రిగారు మా విలేకరుల వైపు తిరిగి. మేం రాసుకున్నాం. అంకె నలభై కంటే తగ్గితే ఊరుకోనని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

కౌంటర్ తెరిచారు. కుట్టుపని ఆవిడ అర్జీ చూసి గుమస్తా తల పట్టుకున్నాడు.

"ఇది ఎక్కిస్తే అంకె పడిపోద్దమ్మా. నా ఉద్యోగం పోద్ది."

"నా కూతురి చదువు పోద్ది బాబూ."

గుమస్తా మంచివాడు. కాసేపు ఆలోచించి, ఉపన్యాసం కాపీ ఒకటి ఆవిడకిచ్చాడు.

"ఇందులో ఉన్న వాక్యాలతోనే రాసివ్వండి. మడతపడిపోద్ది."

ఆవిడ బెంచీ మీద కూర్చుని రెండుసార్లు చదివింది. ఆదాయం గురించి అందులో ఉన్నది ఒకే వాక్యం.

"ఇది రాస్తే పర్లేదా బాబూ?"

"మంత్రిగారి మాటే కదమ్మా. కాదనేదెవరు?"

రాసిచ్చింది. సర్వర్ ఆగలేదు. నిమిషంలో ధ్రువపత్రం చేతికొచ్చింది. ఆవిడ వరండాలో నిలబడి కూతురికి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టడంతో నాకూ వినిపించింది.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చిందే."

"ఏం రాశారు?"

ఆవిడ వేలు పెట్టి చదివింది. "'నేడు మన రాజ్యంలో ప్రతి కుటుంబమూ లక్షాధికారి కుటుంబమే.'"



"మనం కూడానా అమ్మా?"

"ముద్ర కూడా వేసిచ్చారే."