నాగేశ్వర్ రావు ఆపద్రక్షకాధిపతి అయిన వైనం

మూసీనది కృష్ణవేణిని కలుసుకునే పుణ్యసీమలో, సాగర్ ఎడమకాలువ నీళ్లు కొత్తగా పారి మెట్టచేలను వరిమడులుగా మార్చిన ఆ శుభయుగంలో, పందొమ్మిదివందల డెబ్బైల తొలి వేసవుల్లో ఒక వేసవిన, ప్రచండమార్తాండుడు మిర్యాలగూడ రేకుల కప్పులను పెనాల్లా కాలుస్తూ ఉదయించిన ఒకానొక పొద్దున, ధాన్యరాశులు సాక్షిగా, ఊకగుట్టలు సాక్షిగా, ఒక ఘోరసంగ్రామం జరిగింది. బస్తాలు మోసే భుజాలవారూ, తూకాలు వేసే చేతులవారూ ఒక్క ఘడియ బరువు దించి ఆలకింతురు గాక!

ఆ సంగ్రామనాయకుడు నాగేశ్వర్ రావు. బద్రీనాథ్ సేటుకు మిర్యాలగూడలో ఉన్న బియ్యంమిల్లులో గుమాస్తా. కృశగాత్రుడు, దళసరి కళ్లద్దాల ధారి, జీవితంలో ఏనాడూ గుడ్డు సైతం ముట్టని శాకాహారదీక్షాపరుడు. వయసులో ఉండగా సూర్యాపేట చుట్టుపక్కల యక్షగానాల్లో రాజు వేషం కట్టినవాడు కావడంతో ఆవేశం వస్తే ఆయన నోట గ్రాంథికం వెలువడేది. వాటన్నిటినీ మించి ఆయనకు ఒక దివ్యదృష్టి ఉండేది. అందరికీ గోడ కనిపించే చోట ఆయనకు గోడ కూలడం కనిపించేది. అందరూ పెళ్లిపందిరిని చూసి మురిసిపోతుంటే ఆయన మాత్రం గాడిపొయ్యి నుంచి లేచి పందిరి ఆకుల వైపు ఎగిరే నిప్పురవ్వనే చూసేవాడు.

ఇంతటి దృష్టి కలవాడికి లోకం ఏ బిరుదు ఇచ్చింది? ‘నోరు మంచిది గానోడు’ అని ఇచ్చింది. ఒకనాడు మిల్లు బెల్టు తెగుతుందని చెప్పాడు. ఎవరూ వినలేదు. బెల్టు తెగింది. అప్పుడు బాయిలర్ దగ్గర పనిచేసే బుచ్చయ్య, “మంచిగ నడిసే బెల్టును అని అని తెంపిండు!” అన్నాడు. అప్పటినుంచి ఊరికి పోయేవాళ్లు ఆయనకు చెప్పకుండా బస్సెక్కేవారు. ఇంట్లో భార్య శ్యామల కూడా అన్నం వడ్డిస్తూ, “గీ ముద్ద మింగెదాంకనన్న గొంతులకు అడ్డం వడ్తదనకు, నీకు దండం వెడ్త” అనేది. చెప్పింది చెప్పినట్టు జరిగినా ఒక్కరూ ‘నువ్వన్నది నిజమే’ అనకపోవడమే ఆ వీరుడి గుండెలో దిగిన బాణం.

అలాంటివాడికి కాలం ఒక ద్వారం తెరిచింది. సేటుకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నగరత్రయంలో మూడు మిల్లులు. వాటికి బీమా చేసే కంపెనీ ఒక షరతు పెట్టింది: ఎక్కడ ఏ ఆపద పొంచి ఉందో ముందే కనిపెట్టి, రాకుండా ఆపే పెద్ద అధికారి ఒకడు మూడు మిల్లుల మీదా ఉండాలి. ఆ మాట చెవిన పడగానే నాగేశ్వర్ రావుకు తాను పుట్టిందే ఆ కొలువు కోసమని తోచింది.

కానీ సేటు మనసు బావమరిది మీద ఉంది. శంకర్ అనే ఆ బావమరిది కోదాడ మిల్లు చూసుకునేవాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా అన్ని పనులూ చక్కబెట్టగల ప్రజ్ఞావంతుడు. సూర్యాపేట మిల్లు లెక్కలు చూసే మునీము వయసు మీరి పోటీకి రానన్నాడు. చివరికి సేటు తీర్పు చెప్పాడు.

“పట్నం నుంచి బీమా సర్వేయర్ వచ్చి మిల్లులన్ని సూస్తడు. ఏ మిల్లును మెచ్చుకుంటే గా మిల్లోనికే పెద్ద కుర్సీ. ఇగ మీ తిప్పలు మీరు పడుండ్రి.”

అది మొదలు నాగేశ్వర్ రావు నిద్రాహారాలు విడిచాడు. బీడీలు తాగేవాళ్లను ఊకగుట్ట దగ్గరి నుంచి తరిమాడు. గాయాల మందుల పెట్టె తెప్పించాడు. నిప్పంటుకుంటే చల్లడానికి మూసీ ఇసుక జల్లించి, ఎర్రరంగు బకెట్లలో నింపి, గోడ వారగా ఇనుప బల్ల మీద సైన్యంలా బారుతీర్చాడు. సర్వేయర్ వచ్చే రోజు పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టి, తన సైన్యాన్ని చూసుకోవడానికి మిల్లులో అడుగుపెట్టాడు.

బారు మధ్యన ఒక బకెట్లో, ఇసుకను సింహాసనంగా చేసుకుని, రెక్కలు విప్పార్చి, ముక్కు పైకెత్తి, ఎర్రటి కన్నుతో దిక్కులను శాసిస్తూ ఒక కోడిపెట్ట కూర్చుని ఉంది.

వీరుడు “ఎవరిది? ఎవరిదీ కోడి?” అని కేక పెట్టాడు.

బియ్యం చెరిగే చంద్రమ్మ చేట పక్కన పెట్టి పరుగున వచ్చింది. ఆమె గుడిసె మిల్లు గోడకు ఆవలే.

“ఆగుండ్రి సారూ, ముట్టకుండ్రి! పొదుగుతున్నది. ఇయ్యాలో రేపో పిల్లలయితయి.”

“పొదగడానికి నా బకెట్టే దొరికిందా?”

“రాత్రి మా ఇంట్ల కుక్క జొరవడ్డది సారూ. గీడనైతే కుక్కకు అందదు, ఇసుక మెత్తగుంటదని గుడ్లతోని తెచ్చి కూసోవెట్టిన. మీరే చెప్తరు గద రోజు, ఆపద రాకముందే జాగ్రత్త పడాలె అని!”

ఇన్నేళ్లలో నాగేశ్వర్ రావు మాట విని ఆచరించినవారు ఈ భూమండలం మీద ఒక్కరే తేలారు. ఆ ఒక్కరూ ఆయన కొంప ముంచారు. ఆమెను తిట్టడానికి ఆయనకు మనసొప్పలేదు.

“పోనీ, గంపలోకి మార్చరాదా తల్లీ?”

“మారుద్దామనే పోయిన. గిదో సూడుండ్రి,” అని చంద్రమ్మ చేతి మీద ఎర్రగా కమిలిన చోటు చూపించింది. “నన్నే రానిస్తలేదు. బలిమి జేస్తే లేసి పోతది, మల్ల కూసోదు. గుడ్లు ఖరాబయితయి.”

అప్పుడు ఆ ధీరోదాత్తుడు ధోవతి బిగించాడు. భుజాన గోనెసంచి కవచంగా కప్పుకున్నాడు. ఎడమచేత చంద్రమ్మ చేటను డాలుగా పట్టాడు. కుడిచేత ఖాళీ గంప ధరించి, ఆగర్భశత్రువుల మధ్య అభిమన్యుడిలా అడుగు ముందుకు వేసి, మిల్లు రేకులు దద్దరిల్లేలా ఇలా పలికాడు:

“ఓసీ కుక్కుటకులవీరమాతా! ఈ సికతాభాండము అగ్నిదేవుని మదమణచుటకై ఇచ్చట ప్రతిష్ఠింపబడినది. పరుల స్థానమును పరాక్రమమున నాక్రమించుట నీవంటి గృహిణికి తగునా? నీకును నీ అండములకును అభయమిచ్చితిని. సగౌరవముగా ఈ గంపకు వేంచేయుము. కాదందువా, ఈ నాగేశ్వర్ రావు బాహుబలమును చవిచూడగలవు!”

కోడి మెడ ఒక పక్కకు వాల్చి విన్నది. “క్ర్‌ర్‌ర్” అన్నది.

“సారూ, గంత పెద్ద పెద్ద మాటలకు అది లేస్తదా?” అన్నది చంద్రమ్మ.

ఆయన చేయి చాపాడు. ఆ క్షణాన ఆ పక్షిరాజ్ఞి మెడరోమాలు నిక్కబొడుచుకుని, రెట్టింపు ఆకారం దాల్చి, కనురెప్ప పడే లోపల చేటను రెండుసార్లు, బొటనవేలిని ఒకసారి ప్రహరించగా, గంప ఒకవైపు, గోనె ఒకవైపు, కళ్లద్దాలు తవుడు కుప్ప వైపు పడిపోగా, మన వీరుడు “అమ్మా!” అని అచ్చతెలుగులో ఆక్రోశిస్తూ వెనక్కి పడ్డాడు. పడ్డచోట తవుడు మేఘంలా లేచింది. ఆ మేఘమధ్యం నుంచి తుమ్ములు పిడుగుల్లా వినిపించాయి. బాయిలర్ దగ్గర బుచ్చయ్య కడుపు పట్టుకుని నవ్వాడు.

దండోపాయం విఫలం కాగా నాగేశ్వర్ రావు దానోపాయానికి దిగాడు. గుప్పెడు నూకలు గంపలో పోసి ముందు పెట్టాడు. కోడి మెడ సాచి నూకలన్నీ తిన్నది. తిని, ఇంకా స్థిరంగా కూర్చుంది.

అంతలో వీధిలో జీపు హారన్ మోగింది.

“వచ్చిండ్రు!” అన్నాడు బుచ్చయ్య. అతని నవ్వు కూడా ఆగిపోయింది.

నాగేశ్వర్ రావు తవుడు పట్టిన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. కోదాడలో ఇస్త్రీ చొక్కాలో కూర్చున్న శంకర్ కళ్ల ముందు మెదిలాడు. కోడిని మెడ పట్టి లాగి పారేయడానికి ఇంకా సమయం ఉంది. చంద్రమ్మ రెండు చేతులూ కొంగులో దాచుకుని ఆయన ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఆయన కోడి వైపు చూశాడు. ఎన్నడూ తప్పని ఆ దివ్యదృష్టికి జరగబోయేది స్పష్టంగా కనిపించింది. ఇక ఆయన చేయవలసింది తాను జీవితమంతా చేసిన పనే.

వచ్చినాయనకు సేటు ముందుగదిలో చాయ్ ఇప్పించే లోపల, ఆయన పరుగున ఇంటికి మనిషిని పంపి తన స్నానాల బకెట్టు తెప్పించి, ఇసుక నింపి, కోడి బకెట్టు పక్కన పెట్టాడు. బస్తాల లెక్క రాసే నల్లపలక తీసుకుని సుద్దముక్కతో పెద్ద అక్షరాలు రాసి బల్లకు ఆనించాడు: ‘హెచ్చరిక. ఈ బకెట్టునందు పొదుగు కోడి కలదు. చేయి పెట్టరాదు. పెట్టినచో పొడుచును.’ తర్వాత మందుల పెట్టె చంకన పెట్టుకుని నిలబడ్డాడు.

సేటు ముందు నడవగా సర్వేయర్ లోపలికి వచ్చాడు. బెజవాడ నుంచి పట్నం చేరిన స్థూలకాయుడు, టోపీధారి, ఎవరినీ నమ్మని చూపువాడు. బాయిలర్ చూశాడు, తల ఊపాడు. బీడీముక్క కోసం ఊకగుట్ట చుట్టూ తిరిగాడు, దొరకలేదు. ఇసుక బకెట్ల దగ్గరికి వచ్చి ఆగాడు.

“ఏవిటండీ ఇది? కోడా?”

సేటు ముఖం నల్లబడింది. “ఏందయ్యా నాగేశ్వర్ రావు, మిల్లు అనుకున్నవా, కోళ్లగూడు అనుకున్నవా? ఇజ్జత్ తీస్తివి గద!”

“సేట్, గుడ్ల మీద ఉన్నది, లేపితే ఆ గుడ్లన్ని ఖరాబయితయి. దాని బదులు ఇంకో బకెట్టు పెట్టిన. పలక మీద రాసిన,” అన్నాడు నాగేశ్వర్ రావు.

సర్వేయర్ పలక చదివి పెదవి విరిచాడు. “నిన్న కోదాడలో మీ బావమరిదిగారు ఇలాగే బకెట్లు వరసగా పెట్టారండి. పైన బెత్తెడు ఇసుక, అడుగంతా ఊక! చెయ్యి పెట్టి చూస్తేగానీ బయటపడలేదు. అందుకని నేను అన్నిట్లోనూ చెయ్యి పెడతాను.”

సేటు గతుక్కుమన్నాడు. సర్వేయర్ ఒక్కొక్క బకెట్టులోనూ చేయి దించి, అడుగుదాకా ఇసుకే ఉండడం చూసి, కోడి బకెట్టు దగ్గరికి వచ్చాడు.

నాగేశ్వర్ రావు రెండు చేతులూ చాపి అడ్డం నిలిచాడు. “మహాశయా! నిలుము, నిలుము! నీ హస్తమున కపాయమాసన్నమైనది! ఈ సేవకుని వాక్యమును పెడచెవిని పెట్టకుము!”

“ఈ కోడి కింద ఏం దాచారో చూద్దాం, తప్పుకోండి,” అన్నాడు సర్వేయర్.

నాగేశ్వర్ రావు తప్పుకున్నాడు. తప్పుకుంటూనే మందుల పెట్టె తెరిచాడు.

సర్వేయర్ కేక రోడ్డు మీదికి వినిపించింది.

సర్వేయర్ రక్తం చిమ్మిన వేలిని చూసుకున్నాడు. పలక వైపు చూశాడు. మళ్లీ వేలి వైపు చూశాడు. అప్పటికే టింక్చర్‌లో తడిపిన దూది ఆ వేలి మీద వాలింది.

“ఇది ఎప్పుడు తడిపారండీ?”

“తమరు తప్పుకోమన్నప్పుడే సార్.”

సర్వేయర్ మంట తగ్గాక టోపీ తీసి, “సేటుగారూ,” అన్నాడు, “నా సర్వీసంతా ప్రమాదాలు జరిగిపోయాక చూడటమే. జరగబోయేది రాసి పెట్టి, అడ్డం నిలబడి చెప్పి, వినకపోతే మందుతో సహా సిద్ధంగా ఉన్న మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఈయన చెప్పింది నిజం. నేనే వినలేదు.”

ఈయన చెప్పింది నిజం! ఆ మూడు మాటలూ చెవిని సోకగానే నాగేశ్వర్ రావు కళ్లద్దాల వెనుక ఏదో మసకబారింది. బుచ్చయ్య తల దించుకున్నాడు.

“ఇగ ఏమున్నది,” అన్నాడు సేటు, బావమరిదిని మనసులోనే వదులుకుంటూ. “నాగేశ్వర్ రావే పెద్దాఫీసర్. రేపటి సంది మూడు మిల్లులు నువ్వే సూసుకోవాలె. జీతం సంగతి మల్ల మాట్లాడుకుందాం.”

జీపు వెళ్లిపోయింది. కోడి ఒకసారి ఒళ్లు విదిలించి, బకెట్టు అంచు మీదికెక్కి, నీళ్ల కోసం తనంతట తానే కిందికి దుమికింది. చంద్రమ్మ దాని వెంట నడుస్తూ వెనక్కి తిరిగింది.

“సారూ, అది తాగి వచ్చెదాంక గుడ్లను జర సూస్తుండుండ్రి. కాకులున్నయి.”

విందురు గాక ముల్లోకాలూ! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నగరత్రయ ధాన్యశాలల సమస్తాపన్నివారణ సర్వాధికారి నాగేశ్వర్ రావు, తవుడు అంటిన ధోవతితో, చేటను డాలుగా ధరించి, కప్పు మీది కాకులను కనుచూపుతో నిలువరిస్తూ ఆ బకెట్టు ముందు నిలబడ్డాడు. కోడి నీళ్లు తాగి, గింజలేరుకుని, మట్టిలో పొర్లి తీరుబడిగా తిరిగి వచ్చేదాకా, ఆయన పరిపాలనలోని ఆ ప్రథమ ఘట్టంలో, ఒక్క గుడ్డుకైనా బీట పడలేదు.