రెండో తుమ్ము

సీతంవలసలో రోజూ తెల్లవారగానే గున్నకొండ పరుగుకు బయల్దేరుతుంది, జనం బూట్లు వేసుకొని రోడ్డు పక్కన నిలబడతారు.

ఇందులో వింతేమీ లేదు. కొండ చుట్టూ ప్రకృతి పరుగు బాట వేయమని పై నుంచి ఉత్తర్వు వచ్చింది. బాట వేశారు, రిబ్బను కత్తిరించారు. పరుగెత్తేవాళ్లు మాత్రం రాలేదు. బాట వాడకంలో ఉందని నెలనెలా నివేదిక పంపకపోతే పరుగు బాటల అధికారి జోగారావు సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఊళ్లోవాళ్లను బతిమాలితే ఒకరికి మోకాళ్ల నొప్పి, ఒకరికి ఆయాసం, ఒకరికి అది పాలు పితికే వేళ. పని లేకుండా ఖాళీగా కూర్చున్నది ఒక్క గున్నకొండే కనిపించింది. దాన్ని పరుగెత్తమన్నారు. అంతకు ముందు ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు కనుక కాదనడం దానికి అలవాటు లేదు. లేచి పరుగెత్తింది.

బాట మొదట్లో పెద్ద బోర్డు పెట్టి, ఏమేం చూడవచ్చో రాయించారు. జీడితోట మలుపు దగ్గర నిలబడితే ముందుగా జీడితోట వెళ్తుంది. పూత కాలంలో దాని వాసన కాస్త వెనకగా వస్తుంది, తొందరపడి వెళ్లిపోరాదు. ఆ తర్వాత ఊటబండ వస్తుంది, నీళ్లు చిందుతాయి కాబట్టి తువ్వాలు తెచ్చుకోవాలి. సీతాఫలం పొదలు వెళ్లేటప్పుడు కాయలు కోసుకోవచ్చు గాని కొమ్మ పట్టుకొని వేలాడకూడదు. నెమళ్లు కొండ మీద కాక కొండ వెనక పరుగెత్తుతాయి, వాటికి దారి ఇవ్వాలి. కొండ తాటితోపు దాటి కనుమరుగయ్యాక చూపరులు ఇళ్లకు వెళ్లవచ్చు. అది ఎండెక్కే వేళకు తనంతట తానే వచ్చి తన చోట కూర్చుంటుంది.

ఎక్కడిదాకా వెళ్లి వస్తుందో ఎవరూ అడగలేదు. బయల్దేరేవాళ్లను ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుందని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

బాట పక్కన అసిరమ్మ చోడి అంబలి, అంటే రాగి జావ, అమ్ముతుంది. నిలబడి నిలబడి అలిసిపోయినవాళ్లకు అదే ఆధారం. ఆమె అప్ప, అంటే అక్క, దాలమ్మ కొండ మీదే ఒక పాకలో మేకలతో ఉంటుంది. ఇద్దరికీ మొగుళ్లు పోయారు, పిల్లలు పుట్టలేదు. ఒకరికి ఒకరు తప్ప ఎవరూ లేరు. కొండ లేచినప్పుడు పాక, మేకలు, దాలమ్మ, పొయ్యి మీద కుండ అన్నీ కదిలి వెళ్తాయి.

"ఎల్లొత్తానే!" అని దాలమ్మ పై నుంచి కొంగు ఊపుతుంది.

"ఎల్లి రాయే అప్పా! పాక గుంజ గట్టిగా అట్టుకో!" అని అసిరమ్మ కింది నుంచి అరుస్తుంది.

రోజూ చూసేదే అయినా కొండ తాటితోపు దాటేదాకా అసిరమ్మ గరిట కదిలించదు. అంబలి అడుగంటిన వాసన వస్తోందని జనం గొణుగుతారు.

కొద్ది నెలలకు కొండ నాజూకైంది. నడక సంఘం అధ్యక్షుడు బెహరా మాస్టారు నులక తాడు తెప్పించి కొండ నడుము కొలిచారు. తాడు చాలా మిగిలింది. సభ పెట్టి, పెళ్లిపందిరి గుడ్డకు జరీ అంచు కుట్టించి కొండకు శాలువాగా కప్పారు. "మన దేహాలను చూసుకోండి, దాని దేహం చూడండి. కష్టపడితే పొట్ట తగ్గదని ఎవరన్నారు?" అని మాస్టారు తన పొట్ట మీద చెయ్యి వేసుకొని అడిగారు. అందరూ సిగ్గుపడి చప్పట్లు కొట్టారు. పందిరి గుడ్డ మీద అప్పటికే తెల్లటి పొడి పేరుకుంటోంది.

ఆ సాయంత్రం దాలమ్మ మేకల్ని తోలుకొని నీళ్లకు దిగింది. జుట్టంతా పిండి చల్లినట్టు ఉంది.

"తాటితోపు అవతల మిషన్లున్నాయే సెల్లీ," అంది. "ఇది ఎల్లి వాటి ముందర నిలబడతాది. అవి దీన్ని కొరుకుతాయి. ఇది ఊరుకుంటాది. పనైపోగానే తిరిగొచ్చేత్తాది."

"ఓలమ్మో! మరి నువ్వేటి సేత్తన్నావప్పా?"

"పాక ఈ పక్కనించి ఆ పక్కకి జరుపుకుంతన్నాను."

"దిగిపో. నా ఇంట్లో ఉందూగాని."

"మేకలకి నీ ఇంట్లో ఏటుంది, గోడలు మేత్తాయా? అయినా ఇది పుట్టినకాడినించి ఊరు దాటి ఎరుగునా? దారీ తెన్నూ తెలీని దాన్ని ఒక్కదాన్నీ ఎలాగ పంపీమంతావు?"

మర్నాడు అసిరమ్మ జోగారావు దగ్గరికి వెళ్లింది. ఆయన ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, చెప్పినదంతా విన్నాడు.

"పరుగెత్తితే చెమట పడుతుంది కదమ్మా. మనిషికైతే నీళ్లు, కొండకైతే కంకర. ఆ చెమట తుడిచే బాధ్యత ఒక కాంట్రాక్టరుకు అప్పగించాం. తుడవకపోతే జలుబు చేస్తుంది."

"లారీల్లో ఎత్తుకుపోతన్నారు కద బాబూ."

"అంత చెమట చేతిరుమాలులో పడుతుందా? దాంతోనే మన బాటను వెడల్పు చేస్తున్నాం. నిలబడే జనం ఎక్కువయ్యారు."

"బాట పెరిగి కొండ తరిగిపోతే రేపేటి సూత్తారు బాబూ?"

"అది వేరే శాఖ," అన్నాడు జోగారావు గౌరవంగా.

ఆ రాత్రి ఆమెకు కునుకు పట్టలేదు. తెల్లారి కొండ ఒళ్లు విరుచుకొని లేవబోతుండగా, అసిరమ్మ కొంగున కట్టుకొచ్చిన ఎండుమిరప పొడి చిటికెడు ముక్కు దగ్గర పెట్టుకొని ఒక్క తుమ్ము తుమ్మింది.

కొండ ఆగిపోయింది. ఎంత పరుగెత్తినా అది ఆ ఊరి కొండే. ఒంటి తుమ్ము వినబడితే గడప దాటకూడదని దానికీ తెలుసు. మెల్లగా కూర్చొని, ఊటబండ నుంచి రెండు గుక్కల నీళ్లు తాగి, ఇక ఆ పూటకు ప్రయాణం మానుకుంది. నెమళ్లు వెనక నుంచి వచ్చి దానికి గుద్దుకున్నాయి. దాలమ్మ పాక ముందు నిలబడి పడీ పడీ నవ్వింది.

"దొంగముండా! నీకు ముక్కుందని ఇప్పుడు తెలిసిందే!"

మర్నాడూ తుమ్మింది, ఆ మర్నాడూ తుమ్మింది. అసిరమ్మ ముక్కు పుండైంది గాని కొండ కదల్లేదు. తాటితోపు అవతల మిషన్లు ఆకలితో రొద పెట్టడం ఊళ్లోకి వినిపించింది. జనం విసుక్కున్నారు. ఇన్ని డబ్బులు పోసి బూట్లు కొనుక్కొని ఊరికే నిలబడ్డామే అని వాపోయారు.

పై అధికారులు సమావేశమయ్యారు. తుమ్మును నిషేధించవచ్చా అని న్యాయ సలహా అడిగితే, అది సంప్రదాయం కనుక గౌరవించవలసిందే అని జవాబు వచ్చింది. అప్పుడు బెహరా మాస్టారు లేచి, సంప్రదాయమే దారి చూపుతుందన్నారు. ఒంటి తుమ్ము అశుభం. వెంటనే రెండోది పడితే ఆ దోషం పోతుంది, పైగా శుభం. కాబట్టి అసిరమ్మ హక్కుకు భంగం కలగకుండా రెండో తుమ్ముకు ఒక ఉద్యోగిని నియమించాలని తీర్మానించారు. తగిన అభ్యర్థి దొరికేదాకా మాస్టారే గౌరవ హోదాలో తుమ్మడానికి ఒప్పుకున్నారు. ఆయనకు చిన్నప్పటి నుంచి ముక్కుపొడుం అలవాటుంది.

మర్నాడు ఉదయం అసిరమ్మ తుమ్మింది. మాస్టారు ఎడమ చేత్తో పంచె కుచ్చిళ్లు పట్టుకొని, తల వెనక్కి వాల్చి, ఊరంతా అదిరేలా తుమ్మారు. కొండ లేచింది.

"మాస్టారూ, మీకు దణ్ణం ఎడతాను. మా అప్ప ఉంది దాని మీద," అంది అసిరమ్మ.

"మీ అప్ప శుభంగా వెళ్లి రావాలనే కదమ్మా నేను తుమ్మింది," అన్నారు మాస్టారు ముక్కు తుడుచుకుంటూ. ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు.

ఆమె వెంటనే మూడోది తుమ్మింది. ఆయన నాలుగోది తుమ్మారు. బాట పొడవునా జనం వేళ్లు మడిచి లెక్కపెట్టారు. కొండ సగం లేచి సగం కూర్చొని అవస్థ పడింది. చివరికి మిరప పొడి అయిపోయింది, ముక్కుపొడుం మిగిలింది.

"ఎల్లొత్తానే!" అంది దాలమ్మ. పాకకు చోటు చాలక దాన్ని విప్పేసి, గుంజలు మోపుగా కట్టుకొని నెత్తిన పెట్టుకుంది. కొండ అప్పటికి గాడిద వీపంత సన్నగా ఉంది. మేకలు ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడ్డాయి.

వెళ్తున్న మనిషిని వెనక్కి పిలవకూడదు. అసిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని ఆ పిలుపును మింగేసింది.

"ఎల్లి రాయే," అంది చివరికి.

ఎండెక్కింది. కొండ రాలేదు. పొద్దు వాలింది, అయినా రాలేదు. సాయంత్రానికి ఒక్క మేక మాత్రం తెల్లగా వచ్చింది. అసిరమ్మ దాన్ని కడిగితే నల్లది. దాలమ్మ మేకలన్నీ నల్లవే.

కొండ ఎప్పుడొస్తుందని అడగడానికి వెళ్తే జోగారావు మళ్లీ కుర్చీ వేయించాడు. పరుగు ముగియలేదు కనుక ఆలస్యమైందని అనడానికి వీల్లేదని, రాలేదని కాక ఇంకా పరుగెత్తుతోందనే రాస్తున్నామని చెప్పాడు. సీతంవలస బాట మీద ఇంత పొడవైన పరుగు ఇదే మొదటిసారి. దాలమ్మను కూడా అందులో పాల్గొన్నదానిగా గుర్తిస్తున్నారు. బోర్డు మీద జీడితోట, ఊటబండ కొట్టేసి, విశాలమైన ఆకాశం చూడవచ్చని రాయించారు. కొన్నాళ్లు జనం వచ్చి ఆకాశాన్ని చూశారు. బాగుందన్నారు. గాలి కూడా అడ్డం లేకుండా వస్తోందన్నారు.

తర్వాత పక్కనున్న మరో కొండ, పాలకొండను పరుగుకు ఎంపిక చేశారు. కొత్త బాట గున్నకొండ కంకరతోనే వేశారు. జనం అటు వెళ్లిపోవడంతో అసిరమ్మ అంబలి కుండ ఎత్తుకొని, నల్ల మేకను వెంటబెట్టుకొని తనూ అక్కడికే వెళ్లింది. తుమ్ము బాగా వచ్చిన మనిషి కదా, రెండో తుమ్ము ఉద్యోగం ఇస్తామని జోగారావు కబురు చేశాడు. ఆమె ఆ కబురు తెచ్చినవాణ్ని గరిట పట్టుకొని తరిమింది.

మొదటి రోజు పాలకొండ లేచే వేళకు పై నుంచి ఒక ముసలాయన తువ్వాలు ఊపాడు. కింద ఒక ముసలామె, బహుశా భార్య, కొంగుముడి విప్పి మిరప పొడి పీల్చి తుమ్మింది. పాలకొండ ఆగింది.

అసిరమ్మ ఆమెను చూసి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అంతలో గాలి తిరిగింది. బాట మీది తెల్లటి పొడి లేచి ఆమె ముక్కులోకి వెళ్లింది. అది గున్నకొండ పొడి, ఇన్నాళ్లూ దాలమ్మ జుట్టుకు అంటుకొని వచ్చిందే. అసిరమ్మ ఊపిరి బిగబట్టింది. కొంగుతో ముక్కు నొక్కుకుంది. కళ్ల వెంట నీళ్లు కారాయి. ముసలామె ఆమె వైపే చూస్తూ వద్దు వద్దని చేతులు ఊపుతోంది.

ఆపడం ఆమె వల్ల కాలేదు.

పాలకొండ లేచి నిలబడింది. శుభం, శుభం అని జనం చప్పట్లు కొట్టారు. పైన ముసలాయన కిందకు వంగి "ఎల్లొత్తానే" అన్నాడు.