ఆర్డిస్ వెనక జూనిపర్

ఆ శనివారం ఓర్విల్ వేసుకున్న పథకం చిన్నదే. భార్య పెంచుకున్న గుర్రం జూనిపర్‌ను ట్రైలర్‌లో ఎక్కించుకుని, ఆమె శవపేటిక వెళ్లే బండి వెనకాలే శ్మశానం కొండ చేరాలి. చివరిరోజుల్లో ఆర్డిస్ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

ట్రైలర్ లాగే ట్రక్కు ఆమె జబ్బుపడ్డ చలికాలంలోనే అమ్ముడైపోయింది. మిగిలిన ముప్పై ఐదేళ్ల ట్రక్కుకు ట్రైలర్ బ్రేకులు పనిచేయించే పెట్టె లేదు. బావమరిది క్లేటన్ రెండు రకాలు చూసి ఒకటి తెచ్చాడు.

"ఇదైతే నువ్వెంత తొక్కితే ట్రైలర్ అంతే ఆగుతుంది బావా. అక్క గుర్రానికి ఒక్క కుదుపు తగిలితే నన్నడుగు!"

పెట్టె వైరును బ్రేకు పెడల్ దగ్గర కలపాలి. క్లేటన్ పొట్ట అక్కడ పట్టలేదు. బ్రేకు తొక్కినప్పుడు వెలిగే వెనక దీపానికి వెళ్లే వైరుకు కలిపేశాడు. బ్రేకు తొక్కి చూస్తే అంతా భేషుగ్గా ఉంది.

శవయాత్ర అంటే ప్రతి బండీ నాలుగు దీపాలూ మిణుకుమిణుకుమనిపించాలి. ఓర్విల్ ఆ దీపాల మీట నొక్కాడు. ట్రైలర్ పట్టేసింది, వదిలింది, మళ్లీ పట్టేసింది. జూనిపర్ గోడల్ని తన్నసాగింది. వెనక నలభై బండ్లు ఒకదాని తోక ఒకటి తాకబోయి ఆగాయి. ఇదేమీ ఎరగని శవపేటిక బండి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

క్లేటన్ పరిగెత్తుకొచ్చాడు. "ఏడుపొస్తే పక్కకాపి ఏడువు బావా! బ్రేకు మీద ఏడుస్తారా ఎవరైనా?"

"నేనేం ఏడవట్లేదురా!" అన్నాడు ఓర్విల్, ఏడుస్తూనే.

"జరుగు, నేను నడుపుతా."

క్లేటన్ నడిపినా అదే తంతు. పాస్టర్‌గారు దిగివచ్చి, ఇద్దరూ దుఃఖంతో బ్రేకు తొక్కుతున్నారనుకుని, కిటికీ పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారు. దీపం మిణుకుకూ ట్రైలర్ కుదుపుకూ ఉన్న చుట్టరికం అప్పటికి ఓర్విల్‌కు తట్టింది. మీట మీద చెయ్యి వేశాడు.

క్లేటన్ ఆ చెయ్యి పట్టేసుకున్నాడు. "మా అక్క శవయాత్రలో దీపాలు ఆర్పుతావా? నా కంఠంలో ప్రాణముండగా ఆర్పనివ్వను!"

బావమరిది కళ్లనిండా నీళ్లు. అతనితో వాదించే ఓపిక ఓర్విల్‌కు లేదు. దిగి, గుర్రాన్ని దింపి, పగ్గం పట్టుకుని నడక సాగించాడు. వెనకెవరూ లేరని చూసుకున్న శవపేటిక బండి తిరిగివచ్చి, మళ్లీ కొండవైపు మళ్లి, గుర్రాన్ని దాటడానికి మనసొప్పక దాని వెనకే చేరింది. మైలున్నర దూరం ముందు జూనిపర్, వెనక ఆర్డిస్. ఎదురొచ్చిన రైతులు టోపీలు తీసి నిలబడ్డారు. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో భార్యను ఇంత నెమ్మదిగా ఎక్కడికీ తీసుకెళ్లలేదని ఓర్విల్‌కు తోచింది.

తిరుగుదారిలో శవయాత్ర లేదు కనుక దీపాలూ లేవు. ట్రైలర్ వెన్నలా నడిచింది.

"చూశావా బావా," అన్నాడు క్లేటన్, "నా పనిలో లోపమేం లేదు. నీ మనసే బాగాలేదు."

రెండో మాట నిజమే కనుక ఓర్విల్ మొదటిదాన్నీ కాదనలేదు.