జమ్ములపాటి వారి చెవులు

ఆ రోజు ఉదయం పద్మావతమ్మ మనసులో అనుకున్న పనులు మూడంటే మూడే. పదింటికి పసుపు కొట్టడం, పదకొండింటికి ముత్తైదువలకి తాంబూలాలు, పన్నెండింటికి ఇంత పెరుగన్నం తిని నడుం వాల్చడం. కూతురు ఉషశ్రీ పెళ్ళికి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. ఆ ముహూర్తం తప్పితే మూఢం వచ్చేస్తుంది. మూఢం వెళ్ళేలోపు పెళ్ళికొడుకు సిద్ధార్థ వెళ్ళిపోతాడు. సరుకుల ఓడలో ఇంజనీరు మరి, ఒకసారి ఎక్కాడంటే తొమ్మిది నెలలు నీళ్ళమీదే. అందుకని ఆవిడ దుర్గమ్మకి ఒక్కటే మొక్కుకుంది. "తల్లీ, ఈ ఎనిమిది రోజులూ మావాళ్ళెవరికీ ఏమీ కాకుండా చూడు."

మొక్కేటప్పుడు ఆవిడ దృష్టిలో ఉన్న "మావాళ్ళు" ఓ పాతికమంది. ఆ పాతికనీ తన భర్త రెండేళ్ళలో నాలుగు వందల పన్నెండు చేశారన్న సంగతి ఆవిడకి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

రామకోటేశ్వరరావు గారు కాలవల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఏ కాలవ ఎక్కడ చీలి, ఏ ఊరి చేలో కలుస్తుందో ఆయనకి కంఠతా వచ్చు. రిటైరయ్యాక కాలవల్లేక తోచక, ఇంటిపేరు మీద పడ్డారు. జమ్ములపాటి అన్న ఇంటిపేరు కనబడితే చాలు, ఫోన్ చేసి "మీది ఏ బ్రాంచండీ?" అని అడిగేవారు. పాత దస్తావేజులూ, బడి రిజిస్టర్లూ వెతికి వంశవృక్షం గీశారు. దాన్ని బెంజ్ సర్కిల్ దగ్గర పన్నెండడుగుల ఫ్లెక్సీ కొట్టించి హాల్లో గోడకి తగిలించారు. "జమ్ములపాటి వంశం" అని వాట్సాప్ గ్రూపు పెట్టి, దానికి తనే అధ్యక్షుడై, తనే నియమాలు రాశారు. మొదటి నియమం: తండ్రి వైపు నుంచి జమ్ములపాటి రక్తం కానివారికి ప్రవేశం లేదు, తొలగించే అధికారం అధ్యక్షుల వారిదే.

ఫ్లెక్సీ మీద ఫొటోలన్నీ చూసి పద్మావతమ్మ ఒకరోజు అననే అంది. "అందరికీ చేటలంతేసి చెవులున్నాయి. మీకేమిటండీ చింతగింజల్లా?"

"మా అమ్మ పోలికే" అన్నారాయన, మాట తప్పిస్తూ.

ఆ ఉదయం పదింటికి రోలుకి పసుపు కొమ్ములు కట్టారు. పక్కింటి రామతులసి రోకలెత్తింది. సరిగ్గా అప్పుడే రామకోటేశ్వరరావు గారి ఫోను టింగుమంది. గ్రూపులో ఏ కబురొచ్చినా గట్టిగా చదవడం ఆయనకి అలవాటు.

"మన వంశ పెద్దలు, ఉయ్యూరు బ్రాంచి, జమ్ములపాటి బసవయ్య గారు, తొంభై రెండేళ్ళు, ఈ తెల్లవారుజామున శివైక్యం..."

రామతులసి రోకలి ఎత్తింది ఎత్తినట్టే ఉండిపోయింది. దించదు. దించితే పసుపు కొట్టినట్టా కాదా?

"ఏమండీ" అంది పద్మావతమ్మ నెమ్మదిగా. "లోపల చదువుకోవడం రాదా మీకు?"

ఇంటివాళ్ళ చావు కబురు చెవిన పడితే పది రోజులు మైల. మైలలో పెళ్ళి చెయ్యరు. చెవిన పడకపోతే లేదు. వెనకటి రోజుల్లో కాలవలూ, రేవులూ, వర్షాలూ ఇలాంటి కబుర్లని ఆపి ఎన్ని పెళ్ళిళ్ళు నిలబెట్టాయో! ఇప్పుడు టింగుమంటే చాలు, నాలుగొందల ఇళ్ళకి ఒకేసారి మైల.

"ఆ బసవయ్య గారు మనకేమవుతారు? మీరెప్పుడైనా ఆయన మొహం చూశారా?"

"చూడకేం, మొన్న శాలువా కప్పాను! రక్తం రక్తమే!" అని ఆయన ఫ్లెక్సీ దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూపించారు. "ఇదిగో, చలమయ్య గారి దగ్గర చీలాం. సరిగ్గా ఐదో తరం. దీన్ని నిరూపించడానికి నాకు ఏడు నెలలు పట్టింది."

గదిలోంచి ఉషశ్రీ వచ్చింది. ఫ్లెక్సీ వంకా నాన్న వంకా చూసి, గోరింటాకు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఆ చూపుతో ఆయనకి రక్తం సంగతి తర్వాత చూద్దాం అనిపించింది.

పురోహితులు శాస్త్రి గారికి ఫోన్ చేశారు. "ఏడు తరాల లోపలైతే పది రోజులండీ. దాటితే మూడు. మరీ దూరమైతే తలస్నానం చాలు" అన్నారు.

అంతే. ఏడు నెలలు కష్టపడి దగ్గర చేసిన మనిషిని, ఓ గంటలో దూరం చెయ్యడానికి కూర్చున్నారు రామకోటేశ్వరరావు గారు. "వంశవృక్షంలో చిన్న పొరపాటు దొర్లింది. ఉయ్యూరు బ్రాంచి బహుశా ఎనిమిదో తరం కావచ్చు" అని గ్రూపులో పెట్టారు.

చల్లపల్లి నుంచి కాశీరావు వెంటనే ఫోన్ చేశాడు. "అన్నయ్యా, శుక్రవారం మా కొట్టు ప్రారంభం. మమ్మల్ని కూడా ఎనిమిదో తరంలోకి కొంచెం జరుపుదూ!" తర్వాత గన్నవరం వాళ్ళది గృహప్రవేశం, పెడన వాళ్ళది బారసాల. భోజనాల వేళకి ముప్పై ఎనిమిది ఇళ్ళవాళ్ళు బసవయ్య గారికి దూరం జరగడానికి వరస కట్టారు. ఇంతలో బసవయ్య గారి కొడుకు నాగబాబు ఫోన్ వచ్చింది.

"అన్నయ్య గారూ, మొన్న మీరే కదండీ మా నాన్నకి శాలువా కప్పి, ఒకే రక్తం అన్నారు? పోయి ఒక్క పూటైనా కాలేదు, అప్పుడే పరాయివాడైపోయాడా?"

రామకోటేశ్వరరావు గారు ఫ్లెక్సీ వంక చూశారు. పద్మావతమ్మే లేచింది. "పదండి. కాగితాల్లో కాదు, మనుషుల్నడుగుదాం. అక్కడ రావమ్మ గారని ముసలావిడ ఉందిటగా, ఆ ఇంటి ఆడపడుచు. ఆవిణ్ణి అడిగారా మీరు?"

"ఆవిడకి చదువు లేదే!"

"మీకుందిగా. ఏం ఒరిగింది?"

చెరకు ట్రాక్టర్ల వెనక కారు నెమ్మదిగా ఉయ్యూరు దాటింది. బసవయ్య గారి ఊరి మొదట్లోనే ఆపాల్సి వచ్చింది. కాలవగట్టు పొడుగునా మోటారు సైకిళ్ళూ, ఆటోలూ, కార్లూ. పద్మావతమ్మ రోడ్డవతల చెట్టునీడన ఆగిపోయింది, చావింటి గడప తొక్కనని. రామకోటేశ్వరరావు గారు ఒక్కరే జనంలోకి నడిచారు.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు. ఓ పాతికమంది వస్తారనుకున్న చావుకి మూడొందల మంది వచ్చారు. కైకలూరు వాళ్ళూ, అవనిగడ్డ వాళ్ళూ, మొన్నటిదాకా ఒకరి మొహం ఒకరెరగని వాళ్ళు, ఆయన కలిపినవాళ్ళు. పందిరి కింద వరసగా కూర్చున్నారు. ఎవరి తల చూసినా రెండు పక్కలా అవే చెవులు. ముసలివాళ్ళకీ అవే, చంకలో పసిపిల్లకీ అవే. వెనకనించి ఎండ పడి అవన్నీ ఎర్రగా వెలుగుతున్నాయి. ఎక్కడో ఒక్కచోట పుట్టిన నీరు ఇన్ని పొలాల్లో పారిందా అని ఆయనకి ఒళ్ళు జలదరించింది.

బసవయ్య గారి తలాపి దగ్గర రావమ్మ కూర్చుని ఉంది. తొంభై నాలుగేళ్ళది. వచ్చినవాళ్ళని చూసి పేరడక్కుండానే "నువ్వు కోటయ్య మునిమనవడివి, నువ్వు చుక్కమ్మ కొడుకు తాలూకు" అని చెప్పేస్తోంది. రామకోటేశ్వరరావు గారి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. చెయ్యి చాపి ఆయన చెవి పట్టుకుంది.

"ఒరే అబ్బాయ్, నువ్వు పేరయ్య తాలూకు కదూ?"

"పేరయ్య మా తాతకి తాతండీ. చలమయ్య గారి కొడుకు. బడి రిజిస్టర్లో ఉంది."

"కొడుకు కాదురా, అల్లుడు." ఆవిడ చెవి వదల్లేదు. "బందరు ఉప్పెన వచ్చిన ఏడు, ఇంటికప్పు ఒకటి కొట్టుకొచ్చింది. దానిమీద ఆరేళ్ళ పిల్లాడు. ఏ ఊరంటే తెలీదు. ఇంటిపేరంటే తెలీదు. పేరయ్యా అన్నాడు, అంతే. వాళ్ళవాళ్ళందరూ పోయారు. దత్తత తీసుకుందామంటే ఇచ్చేవాళ్ళెవరున్నార్రా? పెంచి, పెద్దాణ్ణి చేసి, ఇంటి ఆడపిల్ల శేషమ్మనిచ్చి ఇల్లరికం ఉంచుకున్నారు. వాడి పిల్లల్ని బళ్ళో వేసినప్పుడు పంతులు ఇంటిపేరడిగితే, ఏం చెప్తారు? మాదే రాసుకోమన్నారు. ఇదంతా మా నాయనమ్మ చెప్పింది. శేషమ్మ చేతిముద్ద తిన్నదావిడ."

ఆవిడ మాటల్ని పందిరి కిందివాళ్ళు వెనకవాళ్ళకి, వాళ్ళు రోడ్డవతలికి అందిస్తున్నారు.

"మీ ఇంట్లో పెద్దలకి పెట్టేటప్పుడు, సముద్రం వైపుకి ఓ విస్తరి ఎక్కువ వేస్తార్రా ఇప్పటికీ?"

ఆయనకి తెలియదు. వంటింటి సంగతులు ఆయన ఎప్పుడూ రాసుకోలేదు. కానీ రోడ్డవతలి చెట్టు కింద నుంచి గొంతు వినబడింది.

"వేస్తానండీ! మా అత్తగారు వెయ్యమంది, తూర్పుకి. ఎవరికని అడిగితే, పేరు తెలీనివాళ్ళకి అంది. ముప్పై ఏళ్ళుగా వేస్తున్నాను" అని పద్మావతమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

రామకోటేశ్వరరావు గారు అక్కడే కింద కూర్చుండిపోయారు. నూట అరవై ఏళ్ళ కిందట ఆ ఇంటికప్పు నీళ్ళమీద తేలకపోతే తను లేడు, ఉషశ్రీ లేదు, ఆ పన్నెండడుగుల ఫ్లెక్సీ లేదు. నాలుగొందల మందికి ఇంటిపేరు మూలం చూపించిన మనిషి ఇంటిపేరు సముద్రంలో ఉంది.

ఫోన్లోనే శాస్త్రి గారు తేల్చారు. "ఆడపడుచు సంతానం, పైగా ఇన్ని తరాలు. మైల లేదండీ. తలస్నానం చేసి పసుపు కొట్టుకోండి."

నాగబాబు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "రక్తం కాకపోతే ఏమండీ? మా నాన్నని సాగనంపడానికి ఇంతమంది వచ్చారంటే మీ చలవే. ఇవాళ్టి నుంచీ మీరు మావాళ్ళే అన్నయ్య గారూ! నిఖార్సైన జమ్ములపాటి వారే!"

"అంత మాటనకు బాబూ!" అని రోడ్డవతల నుంచి కేకేసింది పద్మావతమ్మ. "తొమ్మిదో రోజు నుంచి అను!"

చావింట్లో నవ్వకూడదని అందరూ తలలు దించుకున్నారు. రావమ్మ మాత్రం నవ్వేసింది. బసవయ్య ఉంటే ముందు వాడే నవ్వేవాడు అంది.

సాయంత్రం రామతులసి మళ్ళీ రోకలెత్తింది, ఈసారి దించింది. ఎనిమిదో రోజున పెళ్ళి జరిగింది. మైల వాళ్ళు మూడొందల మందీ రాలేక, పన్నెండో రోజున కట్టగట్టుకుని వచ్చి ఉషశ్రీని దీవించారు.

మొదటి నియమం ఇప్పటికీ గ్రూపులో అలాగే ఉంది. దాని ప్రకారం జమ్ములపాటి రక్తం కాని ఒక సభ్యుణ్ణి తొలగించే విషయం ఆరు నెలలుగా అధ్యక్షుల వారి పరిశీలనలో ఉంది.